గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా: అయిదేళ్ల పని ఎవరి చేతిలో పెట్టాలో తెలిసిన రోజు

మాది విత్తనాల కంపెనీ. గద్వాలలో పత్తి, వనపర్తిలో వేరుశనగ, నాగర్‌కర్నూల్‌లో మొక్కజొన్న విత్తనాలను శుభ్రం చేసి సంచులకెత్తే మూడు యూనిట్లు ఉన్నాయి. వాటిలో మోటార్లు, బెల్టులు, కరెంటు ప్యానెళ్లు ఆగకుండా నడిచేలా చూసే బాధ్యత నాది. నేను కూర్చునేది మాత్రం హైదరాబాదులో. అక్కడి పని ఎప్పుడూ బయటి కాంట్రాక్టర్లే చేస్తారు, నాకు నెలనెలా కాగితాలు వస్తాయి. రెండేళ్ల కిందట నాగర్‌కర్నూల్ యూనిట్‌లో బాలమణి అనే ఆమె కుడిచేతి రెండు వేళ్లు బెల్టులో పడి పోయాయి. బెల్టును వెంటనే ఆపాల్సిన ఎర్ర బటన్ ఆ రోజు పనిచేయలేదు. అది మాటిమాటికీ మిషన్‌ను ఆపేస్తోందని అప్పటి కాంట్రాక్టరు మనిషి ఒక వైరు ముక్క కలిపి, బటన్ నొక్కినా ఆగకుండా చేసి పెట్టాడు. ఆ నెల తనిఖీ కాగితంలో మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నాయని రాసి ఉంది. దాని కింద నా సంతకం ఉంది. ఆ నెల నేను నాగర్‌కర్నూల్ వెళ్లలేదు.

ఆ కాంట్రాక్టును రద్దు చేశాం. తర్వాత ఎప్పటి పనికి అప్పుడు ఎవరో ఒకరిని పిలుస్తూ నెట్టుకొచ్చాం. ఈ ఏడాది మొదట్లో మా ఎండీ గారు మూడు యూనిట్ల పనీ అయిదేళ్లపాటు ఒకరికే ఇద్దామన్నారు. వడపోత తర్వాత ఇద్దరు మిగిలారు. ఒకటి నగరంలోని పెద్ద సంస్థ. రెండోది వనపర్తి దగ్గరి ఆత్మకూరులో ఏసురత్నం అనే ఆయన, ఆయన భార్య జయమ్మ పన్నెండు మంది మనుషులతో నడిపే చిన్న బృందం. ఇద్దరికీ ఒక నెల చూడడానికి పని ఇచ్చాం. పెద్ద సంస్థకు గద్వాల, ఆత్మకూరు వాళ్లకు వనపర్తి. శుక్రవారం మీటింగ్‌లో నేను ఒక పేరు చెప్పాలి. కాగితాలు చూసి చెప్పమంటే నగరం వాళ్ల పేరే చెప్పేదాన్ని, అంత బాగున్నాయి. కానీ కాగితాలు చూసి సంతకం పెట్టడం ఇక నా వల్ల కాలేదు. బుధవారం ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను.

ఉదయం అయిదున్నరకు ఎంజీబీఎస్‌లో గద్వాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు. సీటు కావాలంటే పావుగంట ముందే చేరుకోవాలి. జడ్చర్ల చేరేసరికి బాగా తెల్లవారింది. పెబ్బేరు, బీచుపల్లి మీదుగా ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగి, పది గంటలకు గద్వాల బస్టాండులో దిగాను. రోడ్డుకు ఆ పక్కన ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. రాయచూరు వైపు నుంచి వచ్చిన రుచి అది. నానబెట్టిన బొరుగుల్లో పుట్నాల పొడి, ఉల్లిపాయ, నిమ్మరసం. ప్లేటు యాభై రూపాయలు. వండే పెద్దావిడ అడగకుండానే ఇంకో గరిటె వేసి, "సాకా మేడం?" అని కన్నడంలో అడిగింది. చాలని చెప్పడానికి నేనూ సాకు అన్నాను. "ఏం సాకు, పిట్ట తిన్నట్లు తింటున్రు," అని మరో బజ్జీ పెట్టింది.

బస్టాండు బయట ఖాజా అనే డ్రైవరుతో కారు మాట్లాడుకున్నాను. గద్వాలలో గంటసేపు ఆగి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్‌లో వదిలిపెట్టడానికి రెండు వేల ఎనిమిది వందలు, ఆయన తిరిగి వచ్చే డీజిల్ కూడా అందులోనే. మూడు ఊళ్ల మధ్య బస్సులు ఉన్నాయి కానీ, యూనిట్లన్నీ ఊరి బయట ఉండడం వల్ల ఒక్క రోజులో చూడాలంటే కారు తప్పదు.

గద్వాల యూనిట్‌లో పెద్ద సంస్థ మనిషి కార్తీక్ అనే ఇంజనీరు. నేను హఠాత్తుగా వచ్చినా ఏమాత్రం తడబడలేదు. ప్రతి మోటారు మీదా ఒక చిన్న స్టిక్కర్ అంటించారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ మోటారు ఎప్పుడు కొన్నది, ఎన్నిసార్లు విప్పింది, ఏ బేరింగ్ వేసింది, మొత్తం కనిపిస్తుంది. విత్తనం నిలవ చేసే చల్లగది కంప్రెసర్ల దగ్గర నేల మీద నూనె చుక్క లేదు. చూస్తుంటే ముచ్చటేసింది. వెళ్లబోయే ముందు ఒక మాట అడిగాను. "ఈ బెల్టు ఇప్పుడు ఆగిపోయిందనుకోండి, ఏం చేస్తారు?"

"ఫోన్‌లో ఆఫీసుకు ఫిర్యాదు టికెట్ పెడతాను మేడం. రెండు గంటల్లో ఆఫీసు నుంచి జవాబు వస్తుంది."

"మీరే విప్పి చూడలేరా?"

"చూడగలను. కానీ అనుమతి రాకుండా ముట్టుకోకూడదు." నాతో గేటు వైపు నడుస్తూ, "నేను ఈ వారమే వచ్చాను. వచ్చే వారం నిజామాబాదు వేశారు," అన్నాడు. దాచకుండా చెప్పినందుకు అతని మీద గౌరవం కలిగింది. బయట విత్తనం ఏరుతున్న ఒకామెను వీళ్లెలా ఉన్నారని అడిగితే, "మంచోళ్లే మేడం, మర్యాదగ మాట్లాడ్తరు. ఒక మొఖం గుర్తువట్టేసరికి ఇంకొకరొస్తరు, గంతే," అంది.

పన్నెండు గంటలకు గద్వాల నుంచి బయలుదేరాం. ఖాజా మాటకారి. నేను వచ్చిన పని విని, తన కారుకు పదకొండేళ్లుగా ఒకే మెకానిక్ అన్నాడు. ఎందుకని అడిగాను. "ఒకపారి బ్రేకులు అరిగినా బండి తోలుతున్ననని నలుగురిల తిట్టిండు మేడం. బండి తాళం గుంజుకుని, బాగయ్యే దాక ఇయ్యనన్నడు. శానా కోపమొచ్చింది. మల్ల ఆయన కాడికే పోతున్న." బీచుపల్లి వంతెన ముందు కారు ఆపి, నేను టీ తాగేలోపు ఆంజనేయస్వామి గుడి దగ్గర మొక్కుకుని వచ్చాడు. కృష్ణలో నీళ్లు తగ్గి బండలు తేలాయి. పెబ్బేరు దగ్గర హైవే దిగాక, శ్రీరంగాపూర్ గుడి చూసి పోదామా అని అడిగాడు. అరగంట ఎక్కువ పడుతుందట. సమయం ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. నేను వద్దన్నాను.

ఒంటిగంట దాటాక వనపర్తి యూనిట్ చేరేసరికి గేటు బయట నాలుగు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. అన్నింటి నిండా పల్లికాయ. లోపల మిషన్ చప్పుడు లేదు. మా సూపర్‌వైజర్ నర్సింహులు నన్ను చూడగానే ఎదురొచ్చాడు. మనిషి ఉడికిపోతున్నాడు.

"మంచిగొచ్చిండ్రు మేడం. పొద్దున తొమ్మిదింటి సంది బంద్ పెట్టిండు. ప్యానెల్‌కు తాళమేసి చెవి జేబుల పెట్టుకున్నడు. రైతులు నన్ను తిడుతుండ్రు. రేపు లారీ పోవాలె. మీరన్న చెప్పుండ్రి."

ఏసురత్నం షెడ్డు వెనక ఎర్త్ గుంత తవ్వుతున్నాడు. మిషన్‌లో కరెంటు లీకైతే భూమిలోకి దింపే పట్టీ ఆ గుంతలో ఉంటుంది. యాభై ఏళ్లు పైబడ్డ సన్నటి మనిషి, మోకాళ్ల దాకా మట్టి. నన్ను చూసి పార పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. కాయ పోసే ఆడమనిషి ఒకామె మిషన్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మన్నదని చెప్పిందట. మిగతావాళ్లు తడి చేతితో ముట్టుకున్నావని నవ్వారట. ఈయన మీటర్ పెట్టి చూశాడు. మోటారు చుట్టలో కరెంటు లీకవుతోంది, అది భూమిలోకి దిగడం లేదు, మిషన్ ఒంటినిండా నిలబడి ఉంది.

"కాయ ఒలిచే మిషనే కదా, మనుషులు దూరంగా నిలబడి నడుపుతారని నర్సింహులు అంటున్నాడు. రెండు గంటలు నడిపి, లోడు అయ్యాక ఆపితే?" అన్నాను. నిజం చెప్పాలంటే అది పరీక్ష కోసం అడిగింది కాదు. బయట ట్రాక్టర్లు చూసి నాకూ కంగారుగానే ఉంది.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి నా వైపు చాపాడు. "మిషన్ మీది మేడం. చెవి తీస్కోండ్రి. నేనైతే స్విచ్ వెయ్య. మీరు వేసేటట్లుంటే, ఆ కాయ పోసేటామెను ముందుగాల ఇంటికి తోలియ్యండ్రి."

నేను తాళంచెవి తీసుకోలేదు. బయటికి వెళ్లి ట్రాక్టర్ల దగ్గర రైతులకు నేనే చెప్పాను, మూడింటి దాకా ఆగాలని, ఎందుకు ఆగాలో కూడా. ఒకాయన గొణిగాడు. ఇంకొకాయన కరెంటు అంటే చేతులు అడ్డంగా ఊపి, "వద్దు వద్దు, మా పొలం కాడ మోటర్‌తోని ఒక మనిషిని పోగొట్టుకున్నం," అని వేపచెట్టు కిందికి వెళ్లి తుండుగుడ్డ పరుచుకున్నాడు. కాసేపటికి నర్సింహులు కూడా గుంత దగ్గరికి వెళ్లి పార అందుకున్నాడు.

రెండింటికి ట్రాలీ ఆటోలో జయమ్మ వచ్చింది. వెనకాల ఇంకో మోటారు, దాని పక్కన రొట్టెల మూట. మోటార్లకు రాగితీగ చుట్టే పని ఆమెదే. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కూలికి పుణె వైపు వలస వెళ్లారట. అక్కడ ఆయన ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రీషియన్ల వెంట తిరిగి నేర్చుకున్నాడు. ఆమె ఒక వైండింగ్ షాపులో ఊడ్చే పనికి చేరి, చూసి చూసి తీగ చుట్టడం పట్టేసింది. పాత మోటారు విప్పి, లోపల నల్లబడ్డ చుట్టను నాకు వేలితో చూపించింది. "గీడ వార్నిష్ పోయింది మేడం. తేమ వట్టింది. దీన్ని మల్ల చుట్టాలె, గిట్లనే ఎండవెడితే పనికిరాదు." తెచ్చిన మోటారు బిగించే పని తమ టెక్నీషియన్లు ఇద్దరికి అప్పగించి, "అన్నం తిన్నరా?" అని అడిగింది. తినలేదన్నాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల కారం. నర్సింహుల్ని కూడా పిలిచి పెట్టింది. ఆ రొట్టెకు ఈ దారిలో ఏ హోటల్ రొట్టే సాటి రాదు.

తింటుండగా ఏసురత్నం లేచి వెళ్లి, గుంతలోంచి తీసిన పట్టీ తెచ్చి నా ముందు పెట్టాడు. అడుగు లోతున, అతుకు దగ్గర తుప్పు తినేసి రెండు ముక్కలైంది. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఒక పేజీ తెరిచాడు.

"ఇంకో మాట ఉన్నది మేడం. పది దినాల కింద గీ ఎర్తింగ్ నేనే చూసిన. బాగున్నదని నేనే రాసిన, ఇగో. పైకి కనపడే పట్టీ చూసిన, మీటర్ పెట్టలె. పొద్దుగూకుతుండె, ఆత్మకూరు బస్సు పోతదని తొందరపడ్డ. తప్పు నాది."

నేను ఆ పేజీ చూశాను. గుండ్రటి అక్షరాలతో 'ఎర్తింగ్ బాగుంది' అని ఉంది, కింద ఆయన సంతకం. పట్టీ తెగింది మట్టి లోపల. ఈ పది రోజుల్లోనే తెగిందని చెప్పినా నేను నమ్మేదాన్ని. ఆ మాటే అన్నాను. "ఈ సంగతి చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. శుక్రవారం కాంట్రాక్టు తేలుతుందని మీకు తెలుసు కదా?"

"తెల్సు మేడం."

"పొద్దుగాల నాకు ఫోన్ చేసినప్పుడే చెప్పిండు," అంది జయమ్మ రొట్టె విరుస్తూ. "మోటర్ నేను తెస్త, ముందుగాల మేడంకు ఫోన్ కొట్టి చెప్పు అన్న. గుంతల పడి మర్షినట్లున్నడు. ఇంతల మీరే వచ్చిండ్రు."

రెండేళ్లుగా నా సంతకం ఉన్న కాగితం గురించి నేను ఆఫీసులో కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. విచారణలో తప్పు కాంట్రాక్టరుదని తేలింది, అంతటితో ఊరుకున్నాను. ఆ షెడ్డు గోడ పక్కన కూర్చుని, బాలమణి గురించి, ఆ కాగితం గురించి వాళ్లిద్దరికీ చెప్పాను. ఏసురత్నం విన్నాడు. "ఆమె ఇప్పుడేడ ఉన్నది?" అని మాత్రం అడిగాడు.

"అక్కడే పనిచేస్తోంది. నేను అక్కడికే వెళ్తున్నాను."

"నేనొస్త మేడం. ఆ బెల్టు ఒకపారి చూడాలె."

మూడుంపావుకు కొత్త పట్టీ వేసి, మీటర్ పెట్టి, ఆ అంకెను నర్సింహులుతో చదివించి, అతని చేతనే నోటుబుక్కులో రాయించాడు. చెయ్యి జుమ్మన్నదని చెప్పిన ఆమెను పిలిచి, తాను ముందు మిషన్ మీద చెయ్యి పెట్టి చూపించిన తర్వాతే ఆమెను పనిలోకి రమ్మన్నాడు. మిషన్ మొదలైంది. మొదటి ట్రాక్టర్ లోపలికి వచ్చేసరికి మేం బిజినేపల్లి దారి పట్టాం.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు గంటకు పైనే పట్టింది. దారి పొడవునా పల్లి చేలు పీకుతున్నారు. కారులో ఏసురత్నాన్ని అడగాల్సినవన్నీ అడిగాను. మీకు జబ్బు చేస్తే ఎలా అంటే, ప్రతి పనీ కనీసం ఇద్దరికి వచ్చేలా నేర్పానని, ప్యానెల్ పని జయమ్మకు తనకంటే బాగా వచ్చని చెప్పాడు. మీ మనుషులు మానేసి పోరా అంటే, అయిదేళ్ల పని ఉందంటే ఎవరూ వలస పోరని, ఏడాదికో కాంట్రాక్టయితే తానే ఆపలేనని అన్నాడు. గద్వాల చల్లగది సంగతి ఎత్తితే వెంటనే తల ఊపాడు. "కంప్రెసర్ల పని మాకు రాదు మేడం. అది వాళ్లకే ఇయ్యుండ్రి. వచ్చినట్లు చేస్తే ఇత్తనం ఖరాబైతది."

బాలమణి నాగర్‌కర్నూల్ యూనిట్‌లో ఇప్పుడు సంచుల లెక్క రాస్తోంది, ఎడమ చేత్తో. నలభై దాటిన పొట్టి మనిషి. నేను ఏసురత్నాన్ని పరిచయం చేసి, ఆయన బెల్టు చూడడానికి వచ్చాడని చెప్పాను. ఆమె లేచి, మమ్మల్ని తీసుకెళ్లి తాను అప్పుడు నిలబడ్డ చోటు చూపించింది. ఆయన ఆ చోట నిలబడి చేయి చాపాడు. ఎర్ర బటన్ అందింది. అప్పుడు మోకాళ్లు వంచి, ఆమె ఎత్తుకు దిగి మళ్లీ చాపాడు. జానెడు దూరంలో ఆగిపోయింది చెయ్యి.

"నీకు ఇది అందుతుండెనా అక్కా?"

"ఎప్పుడు అందలె అన్నా. ఎగిరి కొడుతుంటి."

అంటే వైరు ముక్క లేకపోయినా ఆ రోజు ఆమెకు బటన్ అందేది కాదు. మా విచారణ కాగితాల్లో ఈ మాట ఎక్కడా లేదు. ఎందుకంటే ఆమెను ఎవరూ ఇక్కడ నిలబెట్టి అడగలేదు. ఆయన బెల్టు ఆపించి, సుద్దముక్క ఆమె చేతికిచ్చి, చేయి తేలిగ్గా అందే చోట గీత పెట్టమన్నాడు. ఆమె ఎడమ చేత్తో ఒక గీత గీసింది. తర్వాత కొంచెం ఆలోచించి, కుడిచేత్తో ఇంకో గీత గీసింది. "రెండు దిక్కుల పెట్టుండ్రి. ఏ చెయ్యి ఖాళీగుంటదో ఎవరికి తెల్సు."

నేను ఆమెను పక్కకు పిలిచి, ఆ నెల కాగితం మీద సంతకం నాదేనని, చూడకుండా పెట్టానని చెప్పాను. చెప్పడానికి రెండేళ్లు పట్టిందని కూడా. ఆమె కొంగుతో సుద్ద తుడుచుకుంది.

"నాకు తెల్సు మేడం. మీరొక దినం వస్తరని శానా దినాలు చూసిన. మల్ల చూసుడు బంద్ చేసిన." బెల్టు దగ్గరున్న ఏసురత్నం వైపు చూసి, "గీ ఆయన మంచిగనే అడిగిండు. ఈయన్నే పెట్టుండ్రి. మీరు గూడ నెలకొకపారి రాండ్రి," అంది. వస్తానన్నాను.

ఆరు గంటలకు నాగర్‌కర్నూల్‌లో హైదరాబాదు బస్సు ఎక్కాను. శుక్రవారం మీటింగ్‌లో ఏసురత్నం పేరు చెప్పాను, ఆయన తప్పుతో సహా. ఎండీ గారు నేను ఫోన్‌లో తీసుకొచ్చిన నోటుబుక్కు పేజీ ఫొటో చూసి ఒప్పుకున్నారు. చల్లగది పని నగరం సంస్థకే ఉంచి, మిగతా అంతా అయిదేళ్లకు ఆత్మకూరు వాళ్లకు రాశాం. ప్రమాదం ఉందని టెక్నీషియన్ తాళం వేస్తే సూపర్‌వైజర్ గానీ నేను గానీ తీయించకూడదని ఒక షరతు పెట్టించాను. నగరం సంస్థ స్టిక్కర్ల పద్ధతి నచ్చి ఏసురత్నం దాన్ని కార్తీక్ దగ్గర ఫోన్‌లో నేర్చుకుని మూడు యూనిట్లలో పెట్టాడు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. మిషన్లు ఆగలేదని చెప్పను. ఆగినప్పుడల్లా ఎందుకు ఆగాయో అదే రోజు నాకు తెలుస్తోంది. నెలకొకసారి నేను వెళ్తున్నాను. ఇన్నేళ్లూ మంచి భాగస్వామి అంటే ఏ ఇబ్బందీ మన దాకా రానివ్వని వాళ్లనుకున్నాను. ఆ భార్యాభర్తలతో పనిచేశాక, రావలసిన ఇబ్బందిని సమయానికి మన దాకా తెచ్చేవాళ్లని అర్థమైంది. అందులో వాళ్లకు నష్టం ఉన్నా సరే. పన్నెండు మందితో, ఒక ట్రాలీ ఆటోతో వాళ్లు అంత పెద్ద పని అంత మామూలుగా చేస్తుంటే చూడడం నాకు ఈ ఉద్యోగంలో దొరికిన సంతోషాల్లో ఒకటి.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక సూచన. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకే రోజులో చుట్టి రావచ్చు కానీ, తిరుగు టికెట్ ముందే తీసుకోకండి. మధ్యాహ్నం పూట కనీసం మూడు గంటల సమయం ఖాళీగా ఉంచుకోండి. ఎక్కడో ఒకచోట మిషన్ ఆగి ఉంటుంది. అక్కడ కూర్చోండి.